పసుపు అంచు పత్రం: దక్షిణ తెలంగాణలో శుభాకాంక్షల పత్రాల పరిణామం

వ్యాస సంగ్రహం

పండుగకో పెండ్లికో శుభాకాంక్షలను కాగితం మీద పంపే ఆచారం పాశ్చాత్య దేశాల్లో చౌక తపాలా, రంగుల ముద్రణ కలిసిన చోట పుట్టింది. నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో దాని చరిత్ర వేరు. ఇక్కడ శుభాకాంక్ష చదవవలసిన వాక్యం కాక ముందు చూడవలసిన, తాకవలసిన గుర్తుగా ఉండేది. జమ్మి ఆకు, పసుపు, బొట్టు అటువంటి గుర్తులు. అచ్చుపత్రం వచ్చిన తరువాత కూడా ఈ గుర్తులు తొలగిపోలేదు, పత్రం మీదికే చేరాయి. బజారులో కొన్న గ్రీటింగ్ కార్డు కొన్ని దశాబ్దాలకే కనుమరుగు కాగా పెండ్లి పత్రిక నిలిచి ఉండడానికి ఇదే కారణమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఇటువంటి పత్రాలను సామాజిక చరిత్రకు ఆధారాలుగా ఎలా చదవాలో, వాటికి కాలనిర్ణయం ఎలా చేయాలో వివరిస్తుంది.

కీలక పదాలు: శుభలేఖ, లగ్నపత్రిక, జమ్మి, పెండ్లి పద్యాలు, గ్రీటింగ్ కార్డు, పాలమూరు, నల్లగొండ, కాలనిర్ణయం.

1. ప్రవేశిక

గ్రీటింగ్ కార్డుల చరిత్రను సాధారణంగా 1843తో మొదలుపెడతారు. ఆ ఏడాది లండన్‌లో హెన్రీ కోల్ అనే అధికారి, క్రిస్మస్‌కు మిత్రులందరికీ విడివిడిగా ఉత్తరాలు రాసే తీరిక లేక, జాన్ హార్స్‌లీ అనే చిత్రకారునిచేత ఒక కార్డు గీయించి అచ్చు వేయించాడు. మిగిలిన ప్రతులను ఒక్కొక్కటి ఒక షిల్లింగు చొప్పున అమ్మారు. అంతకు మూడేళ్ల ముందే, 1840లో, బ్రిటన్‌లో ఒక పెన్నీకి ఉత్తరం దేశంలో ఎక్కడికైనా చేరే పద్ధతి వచ్చింది. ఆ సంస్కరణలో కోల్‌కు కూడా పాత్ర ఉంది. అంటే కార్డు పుట్టుకకు మూడు విషయాలు తోడ్పడ్డాయి: చౌక తపాలా, ముద్రణ, చదవగలిగిన మధ్యతరగతి.

ఈ మూడింటిలో ఏ ఒక్కటీ విస్తారంగా లేని ప్రాంతంలో శుభాకాంక్షలు ఎలా చేరేవి? అచ్చుపత్రం అక్కడికి వచ్చినప్పుడు దేని స్థానాన్ని ఆక్రమించింది? దేనిని తొలగించలేకపోయింది? ఈ ప్రశ్నలకు కృష్ణా, తుంగభద్రా నదులకు ఉత్తరాన విస్తరించిన దక్షిణ తెలంగాణ మెట్ట ప్రాంతం మంచి నిదర్శనం. 2011 జనగణన నాటికి కూడా ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలో అక్షరాస్యత సుమారు 55 శాతమే. అప్పటి తెలంగాణ పది జిల్లాల్లో అదే అతి తక్కువ. అందువల్ల ఇక్కడ శుభాకాంక్షల చరిత్రను అక్షరంతో కాక గుర్తుతో మొదలుపెట్టడం సమంజసం.

2. పత్రానికి ముందు: ఆకు, పసుపు, బొట్టు

దసరా నాటి సాయంకాలం ఊరి జనమంతా జమ్మిచెట్టు వద్ద చేరి, పూజ ముగిసిన తరువాత ఆకులు తెంపుకొని ఒకరికొకరు పంచుకోవడం తెలంగాణ అంతటా ఉన్న ఆచారం. ఆ ఆకును 'బంగారం' అని వ్యవహరిస్తారు. చిన్నవారు పెద్దల చేతిలో బంగారం పెట్టి కాళ్లకు మొక్కుతారు, సమవయస్కులు అలయ్ బలయ్ తీసుకుంటారు. శుభాకాంక్షల పత్రానికి ఉండే ప్రధాన లక్షణాలన్నీ ఇందులో కనిపిస్తాయి. నిర్ణీతమైన సందర్భం ఉంది, చేతి నుండి చేతికి మారే వస్తువు ఉంది, ఇచ్చే తీరులో సంబంధం ఎటువంటిదో చెప్పే మర్యాద ఉంది. లేనిదల్లా అక్షరమే. ఆ అక్షరం కూడా కొన్ని ఇళ్ల ఆచారంలో చేరింది. శమీవృక్షాన్ని స్తుతించే శ్లోకాన్ని, దాని కింద ఇంటిల్లిపాది పేర్లను చీటీ మీద రాసి జమ్మి కొమ్మకు తగిలిస్తారు. మనిషికి ఆకు, చెట్టుకు కాగితం!

పెండ్లి విషయంలో ఈ పని పసుపుది. పెండ్లి నిశ్చయమైన నాడు పురోహితుడు రాసే లగ్నపత్రికకు నాలుగు మూలలా పసుపు, కుంకుమ రాస్తారు. ఇరుపక్షాల పెద్దలు ఒప్పుకున్నదానికి అది సాక్ష్యం. బంధువులకు వెళ్లే పిలుపు పత్రానికీ అదే గుర్తు. ఈ పసుపును కేవలం అలంకారంగానో, మతాచారంగానో మాత్రమే భావించడం సరికాదు. చదువురాని ఇంటికి ఒక కాగితం వచ్చిందంటే అందులో ఏమున్నదోనన్న భయం సహజం. అంచున పసుపు కనిపిస్తే చదివించుకోకముందే అది శుభవార్త అని తెలిసిపోతుంది. దశదిన కర్మకు పంపే పత్రానికి పసుపు ఉండదు, చాలా ఇళ్లలో దానిని చదివిన వెంటనే చించివేసేవారు. పసుపు ఉండడం, లేకపోవడం అనే ఈ రెండింటి మధ్య భేదం అక్షరాస్యతతో నిమిత్తం లేని ఒక లిపిగా పనిచేసింది.

మూడవది బొట్టు. ఇంటి ఆడవారు బంధువుల ఇంటికి వెళ్లి, గడపలో నిలిచి, ఆ ఇంటి ముత్తైదువకు బొట్టు పెట్టి పిలవడం పూర్తి పిలుపు. పత్రిక చేతికి వచ్చినా బొట్టు పెట్టి పిలవలేదన్న కారణంతో పెండ్లికి రాని బంధువులు ఈనాటికీ ఉన్నారు. అంటే సంఘం దృష్టిలో పత్రం సమాచారాన్ని ఇస్తుంది, మర్యాదను ఇవ్వదు.

3. కబురు మోసిన మనుషులు

ఈ గుర్తులు వాటంతట అవి ఊరు దాటలేదు. పసుపు రాసిన పత్రాన్నో, నోటి కబురునో పదిమైళ్ల దూరంలోని చుట్టాల ఇంటికి చేరవేసినవారు చాలావరకు చాకలి, మంగలి మొదలైన వృత్తికులాలవారు, దళితులు. పెండ్లి కబురు తెచ్చినవారికి బియ్యమో, బట్టో ఇచ్చి పంపే ఆచారం ఉండేది. దీనిని గ్రామజీవన సామరస్యానికి గుర్తుగా మాత్రమే వర్ణించడం అర్ధసత్యం అవుతుంది. నిజాం కాలపు తెలంగాణలో, ముఖ్యంగా దొరల ఆధిపత్యం బలంగా ఉన్న గ్రామాల్లో, ఉత్తరాలు, కబుర్లు, బరువులు మరొక ఊరికి చేరవేయడం వెట్టిచాకిరీలో భాగం. దొర ఇంటి శుభకార్యమంటే ఈ కులాలవారికి కూలి లేని పని.

వెట్టికి వ్యతిరేకంగా సాగిన కృషికి ఈ ప్రాంతంతో గాఢమైన సంబంధం ఉంది. ఆంధ్రమహాసభ ప్రథమ సమావేశం 1930లో జోగిపేటలో పాలమూరు ప్రాంతపు సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన జరిగింది. ద్వితీయ సమావేశం 1931లో నల్లగొండ జిల్లా దేవరకొండలో బూర్గుల రామకృష్ణారావు అధ్యక్షతన జరిగింది. 1946లో అప్పటి నల్లగొండ జిల్లా జనగామ తాలూకా కడివెండిలో దొడ్డి కొమురయ్య మరణంతో రాజుకున్న సాయుధ పోరాటం వెట్టి వ్యవస్థను గ్రామాల్లో కూలదోసింది. కబురు మోయడం బలవంతపు పనిగా కొనసాగలేని స్థితిలో తపాలా కార్డు, అచ్చు పత్రిక, స్వయంగా తిరిగి పిలిచే బంధువు ఆ పనిని పంచుకోవలసి వచ్చింది. శుభలేఖ వ్యాప్తికి ముద్రణాలయాలు ఎంత కారణమో, ఈ సామాజిక మార్పు కూడా అంత కారణమని గుర్తించాలి.

4. తపాలా, అచ్చు

హైదరాబాదు రాజ్యానికి సొంత తపాలా వ్యవస్థ ఉండేది. దాని తొలి తపాలా బిళ్ల 1869లో వెలువడింది. 1871 నాటి బిళ్లల మీద ఇతర లిపులతో పాటు తెలుగు లిపికీ చోటు దక్కింది. పాలనాభాషగా తెలుగుకు స్థానం లేని రాజ్యంలో ఉత్తరం మీది బిళ్లపై తెలుగు అక్షరాలు ఉండడం గమనార్హం. బ్రిటిషు ఇండియాలో 1879 జూలై 1న పావు అణా పోస్టుకార్డు వచ్చింది. నిజాం తపాలా 1950 ఏప్రిల్ 1 నుండి భారత తపాలాలో విలీనమైంది.

ముద్రణ విషయానికి వస్తే, మహబూబ్‌నగర్ నుండి 1913లో హితబోధిని మాసపత్రిక, నల్లగొండ నుండి 1922లో షబ్నవీసు వేంకట రామనరసింహారావు సంపాదకత్వంలో నీలగిరి పత్రిక వెలువడ్డాయి. వరంగల్ ప్రాంతపు ఇనుగుర్తి అనే పల్లె నుండి అదే 1922లో ఒద్దిరాజు సోదరులు తెనుగు పత్రికను నడిపారు. ఈ పత్రికల సాహిత్య, రాజకీయ సేవను గురించి పరిశోధన జరిగింది. కానీ పత్రిక ఒక్కటే ముద్రణాలయానికి కూడు పెట్టదు. జిల్లా కేంద్రంలోని ట్రెడిల్ యంత్రం ఏడాది పొడవునా తిరగాలంటే రసీదు పుస్తకాలు, కరపత్రాలు, శుభలేఖలు కావాలి. చిన్న ముద్రణాలయాల వారు 'జాబ్ వర్క్' అని పిలిచే ఈ పని తెలుగు ముద్రణ చరిత్రలో తగినంత చోటు పొందలేదు.

పెద్ద ఎత్తున, ఆడంబరంగా వేయించుకోదలచినవారు హైదరాబాదు వెళ్లేవారు. పాతబస్తీలోని ఛత్తాబజారు పెండ్లి పత్రికలకు, ఉర్దూ లేఖకులకు ప్రసిద్ధి. ముస్లిం కుటుంబాలు 'రుఖా' అని పిలిచే పెండ్లి ఆహ్వానాలు అక్కడ చేతిరాతతో తయారై, రాతి అచ్చుపై ముద్రితమయ్యేవి. ఒకే వీధిలో ఉర్దూ రుఖా, తెలుగు శుభలేఖ పక్కపక్కన తయారు కావడం దక్కను సంస్కృతికి సహజమైన దృశ్యం.

5. శుభలేఖ నిర్మాణం

శుభలేఖకు స్థిరమైన రచనాక్రమం ఉంది. పైన ఇష్టదైవం పేరు, 'శ్రీరస్తు, శుభమస్తు, అవిఘ్నమస్తు' అనే మంగళ వచనం, సీతారాముల తలంబ్రాలను వర్ణించే సంస్కృత శ్లోకం ఉంటాయి. తరువాత తెలుగు సంవత్సరం, మాసం, తిథి, వారం, నక్షత్రం, లగ్నంతో ముహూర్త నిర్దేశం. ఆపై 'చి.', 'చి.ల.సౌ.' అనే సంకేతాక్షరాలతో వధూవరుల పేర్లు. 'బంధుమిత్ర సపరివార సమేతంగా' విచ్చేయవలసిందన్న ప్రార్థన. చివర ఆహ్వానించేవారి పేర్లు.

ఈ క్రమం మారకపోవడం వల్లనే అందులో జరిగిన చిన్న మార్పులు స్పష్టంగా కనబడతాయి. మూడింటిని పేర్కొనవచ్చు. మొదటిది, ఆహ్వానించేవారుగా ఇంటి పెద్ద అయిన పురుషుని పేరే ఉండే చోట క్రమంగా 'శ్రీమతి, శ్రీ' అంటూ భార్య పేరు చేరడం. రెండవది, వధూవరుల పేర్ల పక్కన చదువు, ఉద్యోగం, ఊరు చేరడం. పేరు పక్కన డిగ్రీ అక్షరాలు, అమెరికా నగరం పేరు కనిపించే పత్రిక, ఆ కుటుంబం మెట్ట సేద్యం నుండి ఎక్కడికి చేరిందో ఒక్క పంక్తిలో చెబుతుంది. మూడవది, భాష. ముహూర్తం 'సుముహూర్తం'గానే ఉంటుంది, విందు మాత్రం 'రిసెప్షన్' అవుతుంది. ఇంట్లో 'లగ్గం' అని పలికే మాట పత్రంలో 'వివాహ మహోత్సవం'గా మారుతుంది. మాండలికానికి, శిష్టభాషకు మధ్య ఉన్న దూరాన్ని కొలవడానికి ఇంతకన్నా చక్కని సామగ్రి అరుదు.

6. పెండ్లి పద్యాలు: తెలుగువారి శుభాకాంక్షల కార్డు

శుభలేఖ పిలుపు మాత్రమే. అతిథి వైపు నుండి వధూవరులకు అందే శుభాకాంక్షల పత్రం తెలుగునాట మరొకటి ఉంది. అది 'పెండ్లి పద్యాలు'. పెండ్లికుమారుని మిత్రులో, ఉపాధ్యాయులో అయిదు పద్యాలైతే పంచరత్నాలు, తొమ్మిదైతే నవరత్నాలు రాసి, రంగుకాగితం మీద అచ్చు వేయించి, పందిట్లో రాగయుక్తంగా చదివి, ప్రతులను అతిథులకు పంచేవారు. ఒక ప్రతిని అద్దం బిగించి వధూవరులకు బహూకరించేవారు. అటువంటి చట్రాలు చాలాకాలం ఇంటి గోడల మీద పెండ్లి ఫొటో పక్కనే వేలాడేవి.

ఈ పద్ధతి వెనుక ఆశీర్వచన పద్య సంప్రదాయం ఉంది. గద్వాల, వనపర్తి, ఆత్మకూరు సంస్థానాలు కవి పండితులను ఆదరించాయి. తిరుపతి వేంకటకవులు ఈ సంస్థానాల్లో తమ విద్యను ప్రదర్శించి సత్కారాలు పొందారు. ప్రభువును దీవించిన పద్యం, సంస్థానాలు అంతరించిన తరువాత, సామాన్యుని పెండ్లి పందిరికి చేరింది. 1934లో సురవరం ప్రతాపరెడ్డి ప్రకటించిన గోలకొండ కవుల సంచికలో 354 మంది కవులకు చోటు దొరికింది. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులు లేరన్న మాటకు అది సమాధానం. అంతమంది కవులు ఊరూరా ఉన్న సమాజంలో అచ్చైన పుస్తకం అందరికీ దక్కలేదు. పండుగ, పెండ్లి, సన్మానం వంటి సందర్భాలే వారి పద్యానికి వేదికలు. అందువల్ల ఒక ప్రాంతీయ కవి సమగ్ర రచనలను సంకలనం చేసే పరిశోధకుడు గ్రంథాలయాలతో ఆగిపోకూడదు. పాత ఇళ్ల గోడలను, పెట్టెలను కూడా చూడాలి.

7. గ్రీటింగ్ కార్డు: స్వల్పకాలపు వైభవం

బజారులో కొని పేరు రాసి పంపే గ్రీటింగ్ కార్డు దక్షిణ తెలంగాణ పట్టణాలకు ముఖ్యంగా కళాశాలల ద్వారా వచ్చింది. ఢిల్లీ కేంద్రంగా 1979లో మొదలైన ఆర్చీస్ వంటి సంస్థలు ఆంగ్ల వాక్యాల ఖరీదైన కార్డులను దేశమంతటా పరిచయం చేశాయి. శివకాశి ముద్రణాలయాల నుండి వచ్చిన పూలు, దేవుళ్లు, సినిమా తారల చవక కార్డులు చిన్న పట్టణాల పుస్తకాల దుకాణాలకు చేరాయి. డిసెంబరు చివరివారంలో అవి దుకాణాల ముందు తాడుకు వేలాడేవి. నూతన సంవత్సరం, సంక్రాంతి దగ్గరదగ్గరగా రావడం వల్ల ఒకే కార్డు రెండింటికీ సరిపోయేది. 1980ల నుండి 2000ల తొలి సంవత్సరాల దాకా దీనికి మంచికాలం.

ఇదే కాలంలో తంతి శాఖ శుభాకాంక్షల తంతిని కూడా అందించింది. ముందే సిద్ధం చేసిన వాక్యాలకు అంకెలు ఉండేవి. దీపావళి శుభాకాంక్షలకు ఒకటి, చిరకాల దాంపత్య సుఖాన్ని కోరే వాక్యానికి ఎనిమిది. అంకె ఇస్తే చాలు, అవతలి ఊరిలో వాక్యమై అందేది. 2013 జూలైలో దేశంలో తంతి సేవ ముగిసింది.

గ్రీటింగ్ కార్డు అంతకు ముందే వెనుకబడింది. మొదట సెల్‌ఫోన్ సంక్షిప్త సందేశం, తరువాత వాట్సాప్ చిత్రం దాని పనిని ఎత్తుకున్నాయి. ఇక్కడ ఒక ప్రశ్న తలెత్తుతుంది. అదే ఫోను శుభలేఖను ఎందుకు తొలగించలేకపోయింది? గ్రీటింగ్ కార్డు వాక్యాన్ని మోసింది. వాక్యాన్ని మోయడంలో ఫోను మరింత వేగవంతమైనది, ఖర్చు లేనిది. శుభలేఖ మోసేది వాక్యాన్ని మాత్రమే కాదు. దాని అంచున పసుపు ఉంది, దానితో వచ్చే మనిషి ఉన్నారు, తొలి ప్రతిని ఇలవేల్పు ముందు పెట్టే ఆచారం ఉంది. వీటిని తెర మీద పంపలేము. 2020లో ఉగాది నాడే, మార్చి 25న, దేశవ్యాప్త లాక్‌డౌన్ మొదలైంది. ఆ ఏటి పెండ్లిళ్ల పిలుపులు చాలావరకు ఫోనులోనే సాగాయి. ఆంక్షలు తొలగగానే కాగితపు పత్రిక తిరిగి వచ్చింది. ఫోనులో అందరికీ పంపి, ముఖ్యమైన బంధువులకు మాత్రం పసుపు రాసిన ప్రతిని స్వయంగా ఇవ్వడం ఇప్పటి మధ్యేమార్గం. ప్రతుల సంఖ్య తగ్గినకొద్దీ చేతికిచ్చిన ప్రతి విలువ పెరిగింది.

8. కాలనిర్ణయానికి ఆధారాలు

పాత శుభలేఖల్లో, పద్యపత్రాల్లో చాలావాటిపై క్రీస్తుశకం కనిపించదు, తెలుగు సంవత్సరం పేరే ఉంటుంది. అరవై ఏళ్లకు అదే పేరు తిరిగి వస్తుంది. ఉదాహరణకు దుర్ముఖి నామ సంవత్సరం 1956-57లోనూ, 2016-17లోనూ వచ్చింది. మొదటిది ఆంధ్రప్రదేశ్ అవతరించిన ఏడు, రెండవది తెలంగాణ జిల్లాలను పునర్వ్యవస్థీకరించిన ఏడు. 'దుర్ముఖి' అని మాత్రమే ఉన్న పత్రం ఏ కాలానిదో తేల్చడానికి చిరునామా తోడ్పడుతుంది.

'తాలూకా' స్థానంలో 'మండలం' అన్న మాట ఉంటే ఆ పత్రం 1985కు ముందుది కాదు. ఆరంకెల పిన్‌కోడ్ 1972 ఆగస్టు 15న ప్రవేశపెట్టినది కనుక, 508తో మొదలయ్యే నల్లగొండ ప్రాంతపు సంఖ్య గాని, 509తో మొదలయ్యే మహబూబ్‌నగర్ ప్రాంతపు సంఖ్య గాని ఉన్న పత్రం ఆ తరువాతిదే. సూర్యాపేట, యాదాద్రి భువనగిరి, నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల పేర్లు జిల్లాలుగా ఉంటే 2016 అక్టోబరు 11 తరువాతిది. నారాయణపేట జిల్లా అయితే 2019 తరువాతిది. సీసపు అచ్చుల ఒత్తిడి కాగితం వెనుక చేతికి తగిలితే ట్రెడిల్ ముద్రణ అని, అక్షరాలు 'అను' వంటి కంప్యూటర్ లిపులవైతే 1990ల నుండి వచ్చిన డి.టి.పి. ముద్రణ అని గుర్తించవచ్చు. వేదిక చిరునామా పక్కన క్యూ.ఆర్. కోడ్ ఉంటే అది స్మార్ట్‌ఫోన్ కాలపు పత్రిక.

ఒక జాగ్రత్త అవసరం. ఈ ఆధారాలు పత్రం ఒక తేదీకి ముందుది కాదని మాత్రమే రుజువు చేస్తాయి. పాత పేర్లను ప్రజలు వెంటనే వదలరు. జిల్లా మారినా ఉమ్మడి జిల్లా పేరు రాసేవారు, మహబూబ్‌నగర్ అనవలసిన చోట పాలమూరు అనేవారు ఉన్నారు. అందువల్ల పాత పేరు కనిపించినంత మాత్రాన పత్రం పాతదని తీర్మానించరాదు. కనీసం రెండు ఆధారాలు కలిసినప్పుడే నిర్ణయానికి రావాలి.

9. ముగింపు

ఆంధ్రుల సాంఘిక చరిత్రను రాసిన సురవరం ప్రతాపరెడ్డి రాజుల యుద్ధాలను పక్కనపెట్టి, జనం తిన్న తిండిని, ఆడిన ఆటలను, కట్టిన బట్టను కావ్యాల నుండి వెదికి తీశారు. ఆయన చూపిన దారిలో ఇరవయ్యో శతాబ్దపు సాంఘిక చరిత్ర రాయదలచినవారికి శుభలేఖలు, పద్యపత్రాలు, కార్డులు సిద్ధంగా ఉన్న సామగ్రి. ఒక కుటుంబంలో మూడు తరాల పెండ్లి పత్రికలను వరుసగా పెడితే భాష, స్త్రీల స్థానం, చదువు, వలస, పాలనా విభాగాలు అన్నీ ఒకేచోట కనబడతాయి.

కానీ ఇవి త్వరగా నశిస్తున్నాయి. గ్రంథాలయాల దృష్టిలో ఇవి పుస్తకాలు కావు, దస్తావేజు కార్యాలయాల దృష్టిలో దస్తావేజులు కావు. దేవుని బొమ్మ ఉన్న కాగితాన్ని చెత్తలో వేయడానికి మనసొప్పక కొందరు నీళ్లలో వదులుతారు. పాత ఇల్లు కూలగొట్టేటప్పుడు అద్దాల చట్రాలు పగిలి పోతాయి. ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల కళాశాలల తెలుగు, చరిత్ర శాఖలు విద్యార్థుల ఇళ్లలోని పత్రాలను ఛాయాచిత్రాలుగా సేకరించి, ఊరు, కాలం, ముద్రణాలయం వివరాలతో జాబితా చేయడం పెద్ద ఖర్చు లేని పని. సేకరించేటప్పుడు జీవించి ఉన్నవారి చిరునామాలు, ఫోను సంఖ్యలు బయటపెట్టకుండా ఇంటివారి అనుమతి తీసుకోవడం తప్పనిసరి.

అచ్చులో మిగిలిన పేర్లు ఆహ్వానించినవారివి, ఆహ్వానం అందుకున్నవారివి. ఆ పత్రాన్ని మోసుకుపోయిన వారి పేర్లు ఏ శుభలేఖ మీదా లేవు. ఆ నడకను గుర్తుంచుకున్న వృద్ధులు ఇంకా కొందరు మన మధ్య ఉన్నారు. పత్రాల సేకరణతో పాటు వారి జ్ఞాపకాలను నమోదు చేసినప్పుడే ఈ చరిత్ర పూర్తవుతుంది.